ఇంటి సరుకులకు ఇంధనమేల?

(ఒక పఠనమందిరపు వారాంతసభలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఈ వేదికపై గతవారము రాజ్యాంగమును గూర్చియు, అంతకు పూర్వము నదీజలములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. నేటి నా విషయము వానితో పోల్చిన మిక్కిలి చిన్నది. అంగడికి పోయి కూరలును, పచారీ సరుకులును సైకిలుమీద తెచ్చుకొనుటను గూర్చి నాలుగుమాటలు చెప్పనెంచితిని. ఇంతమాత్రమునకు సభ యేల యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని సంసారమున పెద్దఖర్చులను చూచి జంకుదుము గనుక వానిని ఆపగలుగుదుము. చిన్నఖర్చులు మన కన్నుగప్పి యిల్లు గుల్లచేయును. కుండకు పడిన చిన్న చిల్లిని చూడక బావిలో నీరు తఱిగినదని వగచు వానివలె మనము బ్రతుకుచున్నాము. నేను చెప్పబోవునది ఆ చిల్లిని గూర్చియే.

మీ వీథిలో ఉదయము ఆరుగంటలకు ఒకమారు నిలువబడి చూడుడు. అరలీటరు పాలపొట్లమునకు ఒక స్కూటరు, కొత్తిమీర కట్టకు ఒక మోటారుసైకిలు, నాలుగిడ్డెనల పొట్లమునకు ఒక కారు బయలుదేరుచుండును. ఈ ప్రయాణములలో పెక్కు రెండు మూడు కిలోమీటర్లకు మించవు. పోయినవారు పావుగంటలో మరలివత్తురు. ఇంటికి చేరిన పిదప ఆవాలు మఱచితిమని మరల పోవుదురు. ఇది పరులమీద చేయు ఆక్షేపణ గాదు. ఇరువదియేండ్లు నేనును అట్లే చేసితిని.

నా కథ ముందుగా చెప్పుకొనెదను. నేను ఉద్యోగవిరమణ చేసిన తరువాత జీతమునకు బదులు పింఛను వచ్చుచుండెను. అలవాట్లు మాత్రము జీతమునాటివే. మా గృహిణికి లెక్కలు వ్రాయు అలవాటు కలదు. ఒకనాటి రాత్రి ఆమె పద్దుపుస్తకము నా ముందుంచి, "కూరలకు ఎంతయిందో చూశారు, ఆ కూరలు తేవడానికి ఎంతయిందో కూడా చూడండి" అనెను. చూచితిని. అంగడికి, పిండిమరకు, తపాలా కార్యాలయమునకు, ఈ పఠనమందిరమునకు తిరుగు తిరుగుడు నెలకు రమారమి 270 కిలోమీటర్లయినది. నా పాత స్కూటరు లీటరునకు 45 కిలోమీటర్లు నడచును. అనగా నెలకు ఆఱు లీటర్లు. 2021వ సంవత్సరపు వేసవిలో హైదరాబాదునందు లీటరు పెట్రోలు వెల నూరు రూపాయలు దాటినది. అటుపై కేంద్రప్రభుత్వము రెండుమారులు సుంకము తగ్గించినను నూటికి దిగువకు రాలేదు. కావున నెలకు ఆఱువందలకు పైగాను, ఏడాదికి ఏడువేల రెండువందలకు పైగాను కేవలము సంచి మోయించుటకే వెచ్చించుచుంటిని. ఇందులో నూనె మార్పించుట, మరమ్మతులు, బీమా చేర్చలేదు.

ఆ పుస్తకమునందే మఱియొక పుటలో "పంటి వైద్యము — వచ్చే నెల" యని ఆమె వ్రాసికొన్న పద్దు కానవచ్చెను. ఆ పద్దు రెండేండ్లుగా నెలనెలకు ముందునకు జరుగుచుండెను. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. నేను ఆ రాత్రి సరిగా నిద్రింపలేదు. మఱునాడు పెరటిచావడిలో బూజుపట్టియున్న పాత సైకిలును వెలికిదీసి దుకాణమునకు తోలుకొనిపోయితిని. రెండు టైర్లు, రెండు ట్యూబులు, ఒక చైను, బ్రేకు కట్టెలు, వెనుకకు గట్టి క్యారియరు — అన్నియు కలిపి రెండువేల మూడువందలైనది. స్కూటరును అమ్మలేదు, వానకును, దూరమునకును, అనారోగ్యమునకును ఉంచుకొంటిని. అంగడికి మాత్రము సైకిలే.

మొదటిదినమున ఏమి జరిగినదో చెప్పినచో మీరు నాకంటె జాగ్రత్తపడుదురు. రెండు సంచులను హ్యాండిలునకు చెఱియొకవైపున వ్రేలాడగట్టి వచ్చుచుంటిని. మలుపునందు ఎడమసంచి ఊగి ముందుచక్రపు పుల్లలలో చిక్కుకొనెను. నేను రోడ్డుమీదను, వంకాయలు కాలువలోను పడినవి. మోకాలు చీరుకొనిపోయినది. అంతకంటె మిన్నగా నొచ్చినది ఆ సాయంకాలము. పొరుగూరిలో ఉద్యోగము చేయు మా కుమారుడు సంగతి విని వచ్చి, "నాన్నగారూ, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు? తండ్రికి పెట్రోలు డబ్బులు కూడా ఇవ్వలేని కొడుకని నన్ను అనరూ?" అని కంటనీరు పెట్టుకొనెను. సభాసదులారా, సైకిలునకు నిజమైన అడ్డంకి ఎండయు గాదు, ఎత్తును గాదు, ఈ ప్రశ్నయే. దీనికి సమాధానము చెప్పుటకు సైకిలు చరిత్రమును కొంచెము తడవవలసియున్నది.

1817లో జర్మనీదేశపు మాన్‌హైము నగరమున కార్ల్ డ్రైస్ అను నాతడు రెండు చక్రములుగల కొయ్యబండిని చేసెను. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు పోవలసియుండెను. పారిసునగరమున 1860 ప్రాంతమున పెడళ్లు వచ్చినవి. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ సమానమైన రెండు చక్రములును, వెనుకచక్రమును త్రిప్పు చైనును గల సైకిలును చేసెను. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును కనిపెట్టెను. నేడు మన దుకాణములో వ్రేలాడు సైకిలు దాదాపుగా ఆనాటి స్టార్లీ సైకిలే. నూఱేండ్లకు పైగా మార్పు అక్కఱలేకుండ నిలిచిన యంత్రములు లోకమున ఎన్ని గలవు?

మన దేశమునకు మొదట సైకిళ్లు బర్మింగ్‌హాము, నాటింగ్‌హాము నగరములనుండి ఓడలపై వచ్చినవి. హెర్క్యులిస్, బి.ఎస్.ఏ., ర్యాలీ యను పేర్లు మన తాతలకు నోటికి వచ్చినవి. 1939లో బొంబాయియందు హింద్ సైకిల్స్ స్థాపింపబడినది. 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1951లో సోనెపతున అట్లాస్, 1956లో లూధియానాయందు హీరో కర్మాగారములు వెలసినవి. ఒకనాడు అల్లునకు పెండ్లిలో సైకిలు పెట్టుట గొప్ప మర్యాద. చేతిగడియారమును, రేడియోను, సైకిలును గల యువకుడు వీథికి నాయకుడు. పురపాలకసంఘము వారు సైకిలునకు పన్ను వసూలుచేసి బిళ్ల యిచ్చెడివారు. రాత్రి దీపము లేకున్నను, ఇద్దఱెక్కినను పోలీసులు పట్టుకొనెడివారు. తపాలాబంట్రోతు, పాలవాడు, పాఠశాల పంతులు, కచేరి గుమాస్తా అందఱును సైకిలుపైననే తిరిగిరి. వంటగ్యాసు బండలను సైకిలునకు ఇరువైపుల కొక్కెములకు తగిలించి తెచ్చి యిచ్చిన బాలురను మనలో పెక్కుమంది చూచియే యున్నాము. నిండుబండ ఒక్కొక్కటి ముప్పది కిలోలు! నేడు మనము నాలుగు కిలోల సంచికి యంత్రమును వెదకుచున్నాము.

అనగా గౌరవము వస్తువునందు లేదు. దానిని చూచు కంటియందున్నది. ఒకతరమున అల్లుని అలంకారమైనది మఱొక తరమున కుమారునకు సిగ్గుచేటైనది. సైకిలు మారలేదు, మనమే మారితిమి. నేను మా కుమారునితో ఈ మాటయే చెప్పి, వాని తల్లి పద్దుపుస్తకమును వాని చేతికిచ్చితిని. వాడు పంటివైద్యపు పద్దును చూచి ఏమియు అనలేదు. మరుసటి ఆదివారము వచ్చినప్పుడు నా సైకిలునకు గాలి తానే కొట్టెను.

ఇంటిలెక్క ముగిసినది. దేశపు లెక్కకు వచ్చెదము. మన దేశమున వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా విదేశములనుండి కొనితెచ్చుకొనుచున్నాము. అస్సామున దిగ్బోయియందు 1901 నుండి చమురు శుద్ధిచేయుచున్నను, బొంబాయి సముద్రమునందును, మన కృష్ణా గోదావరీ తీరమునందును చమురును వాయువును తీయుచున్నను, మన యాకలికి అది చాలుటలేదు. చమురు పరాధీనమైనప్పుడు ఏమగునో చరిత్రము చెప్పుచున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కూపనులకే దొరికెను. 1942లో బర్మా చేజాఱిన పిదప అక్కడి చమురును ఆగిపోయెను. బస్సుల వెనుక బొగ్గుపొయ్యిలు కట్టి, ఆ గ్యాసుతో నడపిరి. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి నెట్టిరి. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము వచ్చినప్పుడు, పీపా సుమారు మూడు డాలర్లున్న చమురు కొలదినెలలలోనే పదునొకండు డాలర్లు దాటెను. మన దేశమును ఆ దెబ్బకు తల్లడిల్లెను. ఎక్కడనో ఎడారిలో తుపాకి ప్రేలినచో మన యింట చింతపండు వెల పెరుగుచున్నది. లారీ లేక సరుకు రాదు, నిజమే. లారీకిని, అంబులెన్సునకును, నాగటి ట్రాక్టరునకును ఆ చమురు వలయును. అందులకే కొత్తిమీర కట్టకు దానిని తగులబెట్టరాదనుచున్నాను.

ఇక యంత్రశాస్త్రము ఏమనునో వినుడు. ఒక లీటరు పెట్రోలునందు దాదాపు 8,000 కిలోకేలరీల శక్తి గలదు. లీటరునకు 45 కిలోమీటర్లు పోవు స్కూటరు కిలోమీటరునకు సుమారు 180 కిలోకేలరీలు మ్రింగును. పట్టణమున లీటరునకు 12 కిలోమీటర్లు పోవు కారు 660కి మించి మ్రింగును. సమతలమున నెమ్మదిగా సైకిలు త్రొక్కువానికి కిలోమీటరునకు 25 చాలును. అనగా స్కూటరులో ఏడవవంతు, కారులో ఇరువదియాఱవవంతు! కారణము సులభము. ఐదుకిలోల టమాటాలను తెచ్చుటకు కారు తన టన్ను ఇనుమును కూడ మోయవలెను. సైకిలు మోయునది తన పదునెనిమిదియిరువది కిలోలే. ఇంకొక విశేషము. చల్లబడియున్న ఇంజను మొదటి కిలోమీటర్లలో ఎక్కువ ఇంధనము త్రాగును. కనుక చిన్నప్రయాణమే యంత్రమునకు మిక్కిలి నష్టము. చిన్నప్రయాణమే సైకిలునకు మిక్కిలి అనుకూలము.

సైకిలు బరువు మోయగలదా యను సందేహము వలదు. 1954లో వియత్నాము ప్రజలు డియన్ బియన్ ఫూ యుద్ధమునకు కొండదారులలో బియ్యమును, మందుగుండును సైకిళ్లపై చేర్చిరి. ఒక్కొక్క సైకిలుపై రెండువందల కిలోలకు పైగా ఎత్తి, హ్యాండిలునకు వెదురుకఱ్ఱ కట్టి, ప్రక్కన నడచుచు త్రోసిరి. ఝార్ఖండమున పేదవారు నేటికిని బస్తాల బొగ్గును సైకిళ్లపై త్రోయుచుందురు. అది వారి దైన్యమే గాని మనకు ఆదర్శము గాదు. సైకిలు బలమును మాత్రము అది చాటుచున్నది. గృహస్థునకు ఇరువది కిలోలు చాలును.

బరువు కట్టు పద్ధతి నేర్వవలయును. నేను పడి నేర్చినది చెప్పెదను. హ్యాండిలునకు సంచిని ఎన్నడును వ్రేలాడగట్టరాదు. ముందుబుట్టలో రెండుమూడు కిలోలకు మించి పెట్టరాదు. పెట్టినచో మలుపునందు హ్యాండిలు మాట వినదు. బరువంతయు వెనుకచక్రమునకు ఇరువైపుల, ఎంత దిగువనుండిన అంత మేలు. క్యారియరుమీదుగా వేయుటకు రెండు గోనెసంచులను ఒక పట్టీతో కుట్టించుడు. దర్జీకి అరగంట పని. ఒకవైపు పప్పు, బెల్లము ఉన్నచో రెండవవైపు ఉల్లి, బంగాళాదుంపలు ఉండవలెను. బరువైనవి అడుగున, ఆకుకూరలును టమాటాలును పైన. సంచి చక్రమునకు తగులకుండ నడుమ ఒక సన్నని పలక కట్టించుడు. కట్టుటకు పాత ట్యూబును చీల్చిన పట్టీకంటె మేలైన త్రాడు లేదు. దాని కొస వ్రేలాడక లోనికి దోపవలెను. ఒంటికాలి స్టాండు బరువునకు ఒఱగిపోవును. రెండుకాళ్ల స్టాండు వేయించుడు. టైర్లలో గాలి గట్టిగా ఉండవలెను. మెత్తని టైరు కాళ్ల బలమును దోచును. బరువుతో వచ్చునప్పుడు బ్రేకు ఆలస్యముగా పట్టును గనుక ముందుగనే నెమ్మదింపవలెను. ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తాను త్రొక్కుచు తేవలదు; క్యారియరుపై పొడవున కట్టి త్రోసికొనిరండు, లేదా దుకాణమువారినే పంపుమనుడు.

ఇందుకు ఆక్షేపణలు గలవు; వానిని దాటవేయను. మొదటిది ఎండ. రోహిణీకార్తెలో పగటివేళ సైకిలు త్రొక్కుమని ఎవ్వరును చెప్పరు. ఉదయము ఏడింటిలోపల అంగడిపని ముగించుకొనుడు. కూరలును అప్పుడే తాజాగా ఉండును. 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారులకు రైతులు తెల్లవారుజాముననే వత్తురు. రెండవది వయస్సు. గుండెజబ్బు, మోకాటినొప్పి గలవారు వైద్యుని అడిగి చేయుడు. బరువు మోయలేనివారిని సిగ్గుపఱచుటకు ఈ ప్రసంగము చేయలేదు. మూడవది స్త్రీలకు తగునా యను ప్రశ్న. 1990వ దశకపు ఆరంభమున తమిళనాట పుదుక్కోటజిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలాది గ్రామీణస్త్రీలు సైకిలు నేర్చిరి. నీటిబిందెలను, పంటసరుకులను, పిల్లలను తామే ఎక్కించుకొనిపోయిరి. బస్సునకై వేచియుండుటయు, మగవారిని వేడుటయు వారికి తప్పినది. 2006లో బీహారుప్రభుత్వము ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్లకై ధనమిచ్చుట మొదలిడెను. తగునా యని మనము చర్చించుచుండగా వారు త్రొక్కుకొనిపోయిరి.

నాలుగవ ఆక్షేపణ ప్రాణభయము. దీనికి మాత్రము నా వద్ద తేలిక సమాధానము లేదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. మన రోడ్లు సైకిలువానికి చోటు విడువలేదు. అంచున నడుచునా, అక్కడ కార్లు నిలిపియుండును. నడుమకు వచ్చునా, వెనుకనుండి హారను తఱుమును. కావున వెనుక ఎఱ్ఱదీపము, ముందు తెల్లదీపము, చీకటివేళ లేతరంగు వస్త్రము తప్పవు. ప్రధానరహదారిని విడిచి లోపలివీథులను ఎన్నుకొనుడు. అరకిలోమీటరు ఎక్కువైనను మేలు. అయినను ఇది వ్యక్తి జాగ్రత్తతో తీఱు సమస్య గాదు. ఇందు పురపాలకసంఘమునకు బాధ్యత గలదు.

ఈ విషయమున హాలెండు దేశము మనకు పాఠము చెప్పుచున్నది. ఆ దేశము పుట్టుకతోనే సైకిళ్లదేశమని మనము భ్రమపడుదుము. రెండవ యుద్ధమునకు పిమ్మట అక్కడను కార్లు వెల్లువెత్తినవి, సైకిలుదారులు తీసివేయబడినవి. 1971లో అక్కడ రోడ్లమీద 3,300 మంది మరణించిరి. వారిలో నాలుగువందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీథులలోనికి వచ్చి, పిల్లల హత్యలను ఆపుడని ఉద్యమించిరి. 1973లో చమురు కఱవు రాగా ప్రభుత్వము ఆదివారములందు కార్లను నిషేధించెను. నిర్మానుష్యమైన రహదారులలో పిల్లలు ఆడుకొనిరి. ఆ రెండు దెబ్బలును కలిసి ఆ జాతి మనస్సు మార్చినవి. నేడు అక్కడి ప్రయాణములలో నాల్గవవంతునకు పైగా సైకిలుమీదనే జరుగుచున్నవి. ముందు పెట్టెగల సైకిళ్లలో పిల్లలను, సరుకులను ఎక్కించుకొని గృహిణులు సాగుచుందురు. వారిది మనకంటె ధనికదేశము. పేదఱికము వలన గాదు, వివేకము వలన వారు సైకిలెక్కిరి.

మన రాజధానియగు హైదరాబాదున 2023లో బాహ్యవలయరహదారి ప్రక్కన సూర్యఫలకముల నీడలో 23 కిలోమీటర్ల సైకిలుదారిని ప్రారంభించిరి. చూడముచ్చటైనది, వ్యాయామమునకు తగినది. కాని ఆ దారి కూరలబజారునకు పోదు, పాఠశాలకు పోదు. అట్టి కిలోమీటర్లలో ఒక్కటి మన పట్టణమున రైతుబజారునుండి బస్సుల నిలయము వఱకు వేసినను ఎందఱో బయలుదేరుదురు. మనము కోరవలసినవి పెద్దవి గావు: బజారు ముంగిట సైకిళ్లకు నీడగల నిలుపుచోటు, తాళము వేయుటకు ఇనుపకమ్మీ, పాఠశాలవీథులలో వేగమునకు కట్టుబాటు, అంచున గీచిన ఒక గీత, ఆ గీతమీద కారు నిలిపినవానికి జుల్మానా. కారునకు ఎకరములకొలది చోటిచ్చు పట్టణము సైకిలునకు ఒక మూర చోటీయదా? అడుగవలెను. అడుగువారు నలుగురున్నచో అర్జీయగును. నాలుగువందలమంది సైకిళ్లపై బజారునకు వచ్చినచో అర్జీ అక్కఱలేదు.

ఒక సంవత్సరము గడచినది. మా గృహిణి పంటివైద్యము ముగిసినది. పద్దుపుస్తకమున ఆ పద్దుమీద ఆమె అడ్డగీత గీచినదినమున ఇంట పాయసము వండెను. స్కూటరుమీద పోవునాళ్లలో నేనెఱుగని మనుష్యులు నేడు నాకు పరిచితులైరి. పంక్చరు వేయు కుఱ్ఱవాని పేరు తెలిసినది. నిమ్మకాయలమ్మువృద్ధురాలు నన్ను చూచి "పంతులుగారూ, ఇవాళ ఆలస్యమైందే?" యని అడుగుచున్నది. వేగము తగ్గినకొలది ఊరు కనబడుచున్నది.

సభాసదులారా, స్కూటర్లను కాల్వలో పడద్రోయుమని నేనడుగను. వారమునకు ఒక్క ప్రయాణము, అదియును మూడు కిలోమీటర్లలోపలిది, సైకిలుమీద చేయుడని మాత్రమే అర్థించుచున్నాను. ఒక నెల చేసి లెక్క వ్రాయుడు. మిగిలిన సొమ్మును పెట్రోలు పద్దునుండి తీసి, మీ యింట ఎవరి అవసరము మాటాడక వాయిదా పడుచున్నదో ఆ పద్దులో వేయుడు. అట్టి పద్దు లేని యిల్లు ఈ సభలో ఒక్కటియు ఉండదని నా నమ్మకము.

బయట నా సైకిలు నిలిచియున్నది. దారిలో ఒక కిలో కందిపప్పు తీసికొనిపోవలసియున్నది గనుక ఇంతటితో ముగించుచున్నాను.